పెట్రోల్ కారుకి రూలు రాసేదెవరు? కాలిఫోర్నియా–వాషింగ్టన్ పేచీ వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: 2035 నుంచి కొత్త పెట్రోల్ కార్ల అమ్మకం ఆపాలన్న కాలిఫోర్నియా నిబంధన చెల్లదని 2025 జూన్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వం తేల్చింది. 2026 ఫిబ్రవరిలో కార్ల కార్బన్ డయాక్సైడ్ నియంత్రణకే పునాదిగా ఉన్న, ఇలాంటి వాయువులు ప్రజారోగ్యానికి ముప్పన్న నిర్ధారణను కూడా రద్దు చేసింది. రెండింటి మీదా కోర్టుల్లో కేసులు పడ్డాయి. పైకి ఇది ఎలక్ట్రిక్ కార్లా, పెట్రోల్ కార్లా అన్న తగవులా కనిపిస్తుంది. లోపల ఉన్నవి రెండు పాత చిక్కులు: కారుకి రూలు రాసే అధికారం ఎవరిది, పొగకి బిగించినట్టు కార్బన్ డయాక్సైడ్‌కి జల్లెడ ఎందుకు బిగించలేం.

టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకి మారినవాళ్లు పెట్రోల్ బంకులో మొదట గమనించేది ధర. ఆ తర్వాత పైపు ముక్కు. అక్కడి బంకుల్లో ఆ ముక్కు చుట్టూ ముడతలు ముడతలుగా రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్ని ట్యాంకు మూతికి గట్టిగా ఆనించి నొక్కితేనే పెట్రోలు దిగుతుంది. ట్యాంకు నిండుతుంటే లోపలి ఆవిరి బయటికి తోసుకొస్తుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా తిరిగి బంకు ట్యాంకులోకే పంపే ఏర్పాటది. ఇప్పటి కార్లలో ఆవిరిని పట్టే పరికరం లోపలే ఉంటోంది కాబట్టి చాలా రాష్ట్రాలు ఈ తొడుగుని వదిలేశాయి. కాలిఫోర్నియా వదల్లేదు.

బానెట్ ఎత్తి చూస్తే లోపల ఇంకో చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఈ బండి కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రమాణాలకీ, కాలిఫోర్నియా ప్రమాణాలకీ లోబడి ఉందని దాని మీద రాసి ఉంటుంది. కేంద్ర ప్రమాణాలకి మాత్రమే సరిపోయే కొత్త కారుని వేరే రాష్ట్రంలో కొని, మీటరు 7,500 మైళ్లు దాటకముందే తీసుకొస్తే కాలిఫోర్నియాలో మామూలుగా రిజిస్ట్రేషన్ చెయ్యరు. ఒకే దేశంలో కారుకి రెండు ప్రమాణాలు. ఇప్పటి గొడవంతా ఈ రెండో ప్రమాణం గురించే.

మాటల దగ్గర ఒక తికమక కూడా ఉంది. మన దగ్గర గ్యాస్ బండి అంటే సీఎన్‌జీ ఆటోనో, ఎల్పీజీ కిట్ పెట్టించిన కారో. అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలే. "గ్యాస్ కార్ల నిషేధం" అని అక్కడి వార్తల్లో కనిపించేదంతా పెట్రోల్ కార్ల గురించే.

కళ్లు మండితే పుట్టిన మినహాయింపు

1943 జులైలో ఒకరోజు లాస్ ఏంజెలెస్ నగరం మీద గోధుమరంగు పొగ కమ్ముకుంది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధం నడుస్తున్న రోజులు కాబట్టి జపాన్‌వాళ్లు విషవాయువు వదిలారని కొందరు భయపడ్డారు. తర్వాత అనుమానం ఊళ్లోని ఒక రసాయన కర్మాగారం మీదికి పోయింది. దాన్ని మూయించినా పొగ తగ్గలేదు.

కారణం పట్టుకున్నది కాల్టెక్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆరీ హాగెన్-స్మిట్. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఈ రసాయన శాస్త్రవేత్త అంతకుముందు అనాసపండు వాసన ఎక్కడి నుంచి వస్తుందో పరిశోధిస్తుండేవాడు. 1950ల మొదట్లో ఆయన తేల్చిందేమిటంటే, కార్లూ రిఫైనరీలూ వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోన్‌గా మారుతున్నాయి. చుట్టూ కొండలున్న ఊరు కావడంతో అది ఎటూ పోలేక అక్కడే నిలిచిపోతోంది. కార్ల కంపెనీలూ చమురు కంపెనీలూ చాలాకాలం దీన్ని ఒప్పుకోలేదు.

1967లో గాలి కాలుష్యం సంగతి చూసే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఏర్పడింది. ఆ చట్టం మీద సంతకం పెట్టింది అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్, బోర్డుకి మొదటి ఛైర్మన్ హాగెన్-స్మిట్. అదే ఏడాది కేంద్రం ఒక కీలకమైన ఏర్పాటు చేసింది. కార్ల పొగకి ప్రమాణాలు పెట్టే అధికారం రాష్ట్రాలకి ఉండదు, యాభై రాష్ట్రాలకి యాభై రకాల కార్లు చెయ్యమంటే కంపెనీలు చెయ్యలేవు. అయితే 1966 మార్చి 30 నాటికే సొంత ప్రమాణాలు పెట్టుకున్న రాష్ట్రం ఉంటే, అది కేంద్రాన్ని అడిగి మినహాయింపు తీసుకోవచ్చు. చట్టంలో కాలిఫోర్నియా పేరు ఎక్కడా రాయలేదు. రాయక్కర్లేదు కూడా, ఆ షరతుకి సరిపోయే రాష్ట్రం అదొక్కటే.

1977లో మరో తలుపు తెరుచుకుంది. మిగతా రాష్ట్రాలు సొంతంగా రూలు రాయకూడదు గానీ, కాలిఫోర్నియా రూలుని ఉన్నదున్నట్టు తెచ్చుకోవచ్చు. న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు అలా తెచ్చుకున్నాయి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లోనో కారు కొంటున్న తెలుగువాళ్లకి కూడా ఈ గొడవ తగులుతున్నది అందుకే.

సైలెన్సర్‌కి బిగించగలిగింది, బిగించలేనిది

ఈ మొత్తం వ్యవహారంలో కీలకం ఇక్కడుంది. చర్చల్లో మాత్రం ఇది పెద్దగా వినపడదు.

1970 క్లీన్ ఎయిర్ యాక్ట్ (గాలి చట్టం) కొత్త కార్ల పొగని కొద్ది ఏళ్లలోనే 90 శాతం తగ్గించమంది. అప్పటికి దానికి తగిన పరికరం కార్లలో లేదు. అది కుదిరే పని కాదని కంపెనీలన్నాయి. 1975 మోడళ్లకల్లా క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చేసింది. ఇంజిన్‌కీ సైలెన్సర్‌కీ మధ్యలో ఉండే స్టీలు డబ్బా అది. లోపల తేనెపట్టులా సన్నటి గదులుంటాయి, వాటి గోడలకి ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. విషపు పొగ ఆ గదుల్లోంచి పోతూ చాలావరకు మామూలు వాయువులుగా మారిపోతుంది. సీసం తగిలితే ఈ పూత పాడవుతుంది, కాబట్టి సీసం లేని పెట్రోలు కూడా తప్పనిసరైంది. ఇండియాలో ఇదే క్రమం ఇరవై ఏళ్లు ఆలస్యంగా నడిచింది: 1995లో నాలుగు మహానగరాల్లో కన్వర్టరున్న కార్లు, వాటికి సీసం లేని పెట్రోలు మొదలయ్యాయి, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం పోయింది. మామూలు కాలుష్యాల లెక్కన ఇప్పటి కారు 1970 నాటి కారుకంటే దాదాపు 99 శాతం శుభ్రమైనదని ఈపీఏ చెబుతుంది.

ఇక్కడ ప్రభుత్వం చెప్పింది ఒక్కటే, పొగ ఇంతకి మించకూడదని. ఆ పని ఎలా చెయ్యాలన్నది కంపెనీలు చూసుకున్నాయి. కొన్నవాడికి కారులో మరో డబ్బా చేరింది, అంతే. బంకూ అదే, పెట్రోలూ దాదాపు అదే, నడపడం అంతకన్నా అదే.

కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఈ దారి మూసుకుపోతుంది. పెట్రోలంటేనే కార్బన్, హైడ్రోజన్. మండినప్పుడు గాలిలోని ఆక్సిజన్ ఆ కార్బన్‌తో కలుస్తుంది. అందుకే ముప్పావు కిలో కూడా తూగని ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇది పెట్రోలు సరిగ్గా మండనందువల్ల వచ్చే చెత్త కాదు, ఎంత బాగా మండితే అంత వస్తుంది. దీన్ని పట్టి ఉంచే డబ్బా కారుకి పెట్టలేం: నలభై లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేసరికి తొంభై కిలోల గ్యాస్‌ని కారే మోసుకు తిరగాలి. కాబట్టి మిగిలిన మార్గాలు రెండు. తక్కువ పెట్రోలు కాల్చాలి, లేదా పెట్రోలే కాల్చకూడదు.

అంటే, కార్బన్ డయాక్సైడ్ మీద పెట్టే ఏ పరిమితైనా చివరికి పెట్రోలు వాడకం మీద పరిమితే. న్యాయపరమైన చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే పడింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాక, 1975లో అమెరికా మైలేజీ చట్టం తెచ్చింది. మైలేజీకి సంబంధించిన రూళ్లు రాష్ట్రాలు పెట్టకూడదని ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. కాలిఫోర్నియా వాదన: మేం పెడుతున్నది గాలి రూలు, గాలి చట్టం మాకు మినహాయింపు ఇచ్చింది. ఎదుటివాళ్ల వాదన: లీటరుకి 2.3 కిలోలని లెక్క తేలిపోయాక గాలి రూలుకీ మైలేజీ రూలుకీ తేడా ఏముంది? రెండూ కొట్టిపారేయదగ్గ వాదనలు కావు. యాభై ఏళ్ల కిందట రెండు వేర్వేరు సమస్యలకి రెండు వేర్వేరు చట్టాలు రాసినవాళ్లు అవి ఒకే లీటరు పెట్రోలు దగ్గర కలుసుకుంటాయని ఊహించలేదు.

సగటు అనే మాయ

మైలేజీ చట్టం ఏ కారుకీ విడిగా పరిమితి పెట్టదు. ఒక కంపెనీ ఆ ఏడాది అమ్మిన కార్లన్నిటి సగటు చూస్తుంది. పది పెద్ద బండ్లు అమ్మినా, వాటిని సరితూచే చిన్న బండ్లు అమ్మితే చాలు. 1985 నాటికి కార్ల సగటు గ్యాలన్‌కి 27.5 మైళ్లు ఉండాలన్నారు, అంటే లీటరుకి సుమారు 11.7 కిలోమీటర్లు. ఇవి ల్యాబ్ లెక్కలు. రోడ్డు మీద ఎప్పుడూ తక్కువే వస్తుందన్నది కారున్న ప్రతివాళ్లకీ తెలుసు.

రోడ్డు మీది అంచనా ప్రకారం చూస్తే కథ ఇంకా బాగా అర్థమవుతుంది. 1975లో అమెరికా కొత్త బండ్ల సగటు లీటరుకి 5.6 కిలోమీటర్లు. 1987కి 9.4కి చేరింది. 2004లో? 8.2కి పడిపోయింది. పదిహేడేళ్లలో ఇంజిన్లు మెరుగయ్యాయి, మైలేజీ తగ్గింది.

దానికి కారణం రూల్లోని ఒక చిన్న సందు. రైతులూ పనివాళ్లూ వాడే పికప్ ట్రక్కులకి ఇబ్బంది లేకుండా వాటికి వేరే, తేలికైన లెక్క పెట్టారు. కంపెనీలు ఆ ట్రక్కు అడుగుభాగం మీదే కుటుంబానికి పనికొచ్చే ఎత్తైన బండ్లు తయారు చేసి, వాటిని ట్రక్కుల కిందే లెక్క రాయించాయి. ఎస్‌యూవీల రాజ్యం అలా మొదలైంది. క్రైస్లర్ పీటీ క్రూజర్ అనే, చూస్తే బొద్దుగా ఉండే చిన్న కారు కూడా కాగితాల మీద ట్రక్కే. 2011 మోడళ్ల నుంచి బండి నేల మీద ఆక్రమించే చోటుని బట్టి పరిమితి మారేలా చేశారు. బండి ఎంత పెద్దదైతే పరిమితి అంత వదులు. 2018లో ఫోర్డ్ అమెరికాలో మస్టాంగ్ తప్ప మిగతా కార్లు దాదాపు అన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. జనం ఎత్తైన బండ్లు ఇష్టపడ్డారన్నది నిజమే. రూలు కూడా వాళ్లని అటే తోసిందన్నది అంతే నిజం.

సగటు లెక్కతోపాటు క్రెడిట్ల బేరం కూడా వచ్చింది. పరిమితికంటే బాగా చేసిన కంపెనీ మిగులు క్రెడిట్లని వెనకబడ్డ కంపెనీకి అమ్ముకోవచ్చు. టెస్లాకి 2024లో ఇలాంటి క్రెడిట్ల అమ్మకం మీదే 276 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు ఇచ్చింది ప్రభుత్వం కాదు, పోటీ కంపెనీలు. 2025 జులై 4న అమలైన పన్నుల చట్టంలో మైలేజీ రూలు తప్పినవాళ్లకి జరిమానాని సున్నా చేశారు. రూలు పుస్తకంలో ఉంది, తప్పితే కట్టాల్సింది మాత్రం ఏమీ లేదు. ఇక ఆ క్రెడిట్లు ఎవరు కొంటారు?

2035 రూల్లో అసలేముంది

2020 సెప్టెంబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ ఉత్తర్వు ఇచ్చారు, 2022 ఆగస్టులో బోర్డు రూలు ఖాయం చేసింది. రూలు ప్రకారం 2026 మోడల్ కార్లలో 35 శాతం, 2030 నాటికి 68 శాతం, 2035కి నూరు శాతం పొగలేనివి కావాలి. ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్లు (కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచేవి) అందులో ఐదో వంతు దాకా ఉండొచ్చు.

ఇందులో లేనివి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో ఉన్న పెట్రోల్ కారుని ఎవరూ తీసుకుపోరు. సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొనొచ్చు, అమ్మొచ్చు. షరతు పెట్టింది కొత్త కారు అమ్మే కంపెనీకే. "కార్లు లాక్కుంటారు" అన్న ప్రచారానికి రూల్లో ఆధారం లేదు. "ఇది నిషేధమే కాదు" అన్న సమర్థన కూడా పూర్తి నిజం కాదు, 2035లో షోరూంలో మామూలు పెట్రోల్ కారు దొరకదు మరి.

2024లో కాలిఫోర్నియాలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు నాలుగో వంతు ఇలా పొగలేనివి. 2026కి కావాల్సిన 35 శాతానికి ఇంకా పది శాతం తక్కువ. కాలిఫోర్నియా రూలునే తెచ్చుకున్న మిగతా చాలా రాష్ట్రాల్లో అంతకూడా లేదు. కంపెనీలకి టెన్షన్ పట్టుకున్నది ఇక్కడ. 2019లో ట్రంప్ ప్రభుత్వం మినహాయింపుని రద్దు చేసినప్పుడు ఫోర్డ్, హోండా, బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా పక్కన నిలబడ్డాయి. 2025కి వచ్చేసరికి అలా గట్టిగా నిలబడ్డ కంపెనీ పెద్దగా కనపడలేదు.

ఇలా వెనకడుగు వెయ్యడం కాలిఫోర్నియాకి కొత్తేం కాదు. 1998 నాటికి 2 శాతం, 2003కి 10 శాతం పొగలేని కార్లు అమ్మాలని 1990లోనే రూలు రాసి, 1996లో దాన్ని తనే సడలించుకుంది. ఈసారి వెనక్కి లాగింది వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం.

ఒక తీర్మానం, ఒక నిర్ధారణ

2024 డిసెంబరులో బైడెన్ ప్రభుత్వం దిగిపోయే ముందు ఈపీఏ 2035 రూలుకి మినహాయింపు ఇచ్చింది. దాన్ని కొత్త ప్రభుత్వం మామూలుగా వెనక్కి తీసుకోవాలంటే విచారణ, కారణాలు, కోర్టు కేసులు అన్నీ దాటాలి. 2019లో రద్దు చేసిన మినహాయింపు 2022లో తిరిగి వచ్చేసింది కాబట్టి ఆ దారి ఎంత బలహీనమో వాళ్లకి తెలుసు. ఈసారి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ద్వారా వెళ్లారు. కేంద్ర సంస్థలు కొత్తగా తెచ్చిన రూళ్లని కాంగ్రెస్ మామూలు మెజారిటీతో కొట్టేసే చట్టం ఒకటుంది. మామూలు బిల్లుల్లా దానికి ఎగువసభ సెనేట్‌లో అరవై ఓట్లు అక్కర్లేదు. మినహాయింపు అనేది రూలు కిందకి రాదని కాంగ్రెస్‌కి ఆడిట్ పనులు చేసే సంస్థ చెప్పింది, సెనేట్ నియమాల సలహాదారూ అదే అన్నారు. అయినా మినహాయింపుని కొట్టేసే తీర్మానాన్ని సెనేట్ 2025 మే 22న 51–44తో ఆమోదించింది. జూన్ 12న ట్రంప్ సంతకం పెట్టారు, అదే రోజు కాలిఫోర్నియా మరో పది రాష్ట్రాలతో కలిసి కోర్టుకెళ్లింది.

ఈ దారిలో ఒక మెలిక ఉంది. ఇలా కొట్టేసిన రూలుని పోలిన రూలు మళ్లీ తేవాలంటే కొత్త చట్టం కావాలి. కాబట్టి తీర్మానం నిలబడితే, రేపు డెమొక్రాట్లు అధికారంలోకి వచ్చినా ఇదే మినహాయింపుని ఒక సంతకంతో తిరిగి ఇచ్చే వీలు ఉండకపోవచ్చు.

రెండో దెబ్బ ఇంకా లోతైనది. 2007లో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో, కార్బన్ డయాక్సైడ్ కూడా గాలి చట్టం కింద కాలుష్యమేనంది. దాని ప్రకారం కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ప్రజారోగ్యానికి ముప్పేనని 2009 డిసెంబరులో ఈపీఏ నిర్ధారించింది. కార్ల మీద కేంద్రం పెట్టిన కార్బన్ పరిమితులన్నీ ఆ నిర్ధారణ మీద నిలబడ్డవే. 2025 జులైలో దాని రద్దుని ప్రతిపాదించి, 2026 ఫిబ్రవరిలో రద్దు చేశారు. ఇంత పెద్ద విషయాన్ని కాంగ్రెస్ స్పష్టంగా చెప్పకుండా ఒక సంస్థ తేల్చకూడదన్నది ప్రభుత్వ వాదన. సుప్రీంకోర్టు కూడా 2022 నుంచి ఇచ్చిన కొన్ని తీర్పుల్లో అటువైపే మొగ్గింది.

దీనికి ఎదురు తగిలే ప్రమాదం కూడా ఉంది. వాతావరణ నష్టం మీద రాష్ట్రాలు విద్యుత్ కంపెనీల మీద వేసిన కేసుని 2011లో సుప్రీంకోర్టు కొట్టేస్తూ, ఈ పని చట్టం ఈపీఏకి అప్పగించింది కదా అంది. ఇప్పుడు ఆ పని నాది కాదని ఈపీఏ అంటే, కేసుల నుంచి కాపాడిన ఆ గొడుగు ఇంకా ఉన్నట్టా లేనట్టా అన్నది కంపెనీల లాయర్లు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

మైలేజీ వైపు కూడా ఇదే గాలి. 2031కి గ్యాలన్‌కి సుమారు 50.4 మైళ్లు, అంటే లీటరుకి 21.4 కిలోమీటర్లు ఉండాలని బైడెన్ కాలంలో పెట్టిన లక్ష్యాన్ని 34.5కి, అంటే 14.7కి తగ్గించాలని 2025 డిసెంబరులో ప్రతిపాదించారు.

ఎవరి మీద ఎంత పడింది

కార్ల కంపెనీలు ఒక కొత్త మోడల్ మొదలుపెట్టి ఫ్యాక్టరీలోంచి బయటికి తేవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అమెరికాలో అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్లు. 2012లో ఒక లక్ష్యం, 2020లో దాని సడలింపు, 2022లో, 2024లో బిగింపు, 2025లో మళ్లీ సడలింపు. ఎలక్ట్రిక్ వాహనాల ప్రణాళికలు మార్చుకున్నందుకు జనరల్ మోటార్స్ 2025 అక్టోబరులో 160 కోట్ల డాలర్లు, ఫోర్డ్ డిసెంబరులో ఏకంగా 1,950 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకోవాల్సి వచ్చింది. రూలు కఠినంగా ఉన్నా తట్టుకుంటాం, ఊగిసలాటే తట్టుకోలేం అని కంపెనీలు ఏళ్లుగా చెబుతున్న మాటలో నిజం ఉంది. ఆ ఊగిసలాటలో వాటి లాబీయింగ్ పాత్రా ఉందన్నది వాళ్లు చెప్పని సగం.

కొనేవాళ్ల వైపు మార్పు ఒకే తేదీన వచ్చింది. 2025 సెప్టెంబరు 30తో కొత్త ఎలక్ట్రిక్ కారు మీద 7,500 డాలర్ల కేంద్ర పన్ను రాయితీ ముగిసింది. ఒక్కరే ఉన్నా కార్‌పూల్ లేన్‌లో వెళ్లనిచ్చే కాలిఫోర్నియా స్టిక్కర్ కూడా ఆరోజుతోనే చెల్లకుండా పోయింది. ఫ్రీమాంట్ నుంచి శాన్ హొసే వైపు రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లలో కొందరికి ఎలక్ట్రిక్ కారు కొనడానికి భూతాపం కన్నా ఆ లేనే పెద్ద కారణం. రోజూ పావుగంట మిగలడమంటే మాటలా!

తెలంగాణలో ఇదే సూత్రం వేరే రూపంలో కనిపిస్తుంది. 2024 నవంబరులో వచ్చిన విధానంలో ఎలక్ట్రిక్ వాహనాలకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేశారు. కంపెనీ మెడ మీద కత్తి పెట్టడం కాలిఫోర్నియా పద్ధతి, కొనేవాడి చేతిలో డబ్బు మిగల్చడం తెలంగాణ పద్ధతి. రెండో పద్ధతికి కోర్టు కేసులుండవు గానీ ఖజానాకి ఆదాయం పోతుంది.

నార్వే, బ్రస్సెల్స్, ఢిల్లీ

రెండో పద్ధతిని చివరిదాకా నడిపిన దేశం నార్వే. అక్కడ నిషేధమే లేదు. పెట్రోల్ కారు మీద భారీ పన్నులు వేసి, ఎలక్ట్రిక్ కారుకి 25 శాతం వ్యాట్ లేకుండా చేశారు. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్. కానీ నార్వేకి సొంత కార్ల పరిశ్రమ లేదు, కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తు, ఖజానాలో ఉన్నదేమో చమురు అమ్మిన డబ్బు. మిగతా దేశాలకి ఆ మూడూ ఒకేచోట దొరకవు.

కార్ల పరిశ్రమ ఉన్న, బ్రస్సెల్స్ కేంద్రంగా నడిచే యూరోపియన్ యూనియన్ 2023లో, 2035కి కొత్త కార్ల కార్బన్ డయాక్సైడ్‌ని నూరు శాతం తగ్గించాలని చట్టం చేసి, 2025 డిసెంబరులో దాన్ని 90 శాతానికి దించాలని ప్రతిపాదించింది. జర్మనీ ఒత్తిడి అందరికీ తెలిసిందే.

ఢిల్లీ ఎంచుకున్నది మరో కొస. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లకి 2025 జులై 1 నుంచి బంకుల్లో ఇంధనం పొయ్యకూడదన్నారు. నంబర్ ప్లేటు చదివే కెమెరాలు బిగించారు. జనం భగ్గుమన్నారు, మూడో రోజుకే ఢిల్లీ ప్రభుత్వం దాన్ని ఆపమని కోరింది. కాలిఫోర్నియా రూలు ఇంకా పుట్టని కారుని ఆపుతుంది, ఢిల్లీ రూలు ఈఎంఐలు కట్టి తెచ్చుకున్న కారుని ఆపింది. తేడా అక్కడే ఉంది. పైగా బాగా చూసుకున్న పన్నెండేళ్ల డీజిల్ బండినీ, నల్లపొగ కక్కే తొమ్మిదేళ్ల బండినీ పుట్టినతేదీతో వేరు చేశారు, పొగతో కాదు. కాలిఫోర్నియాలో పాత కార్లకి రెండేళ్లకోసారి పొగ పరీక్ష ఉంటుంది. పాసైతే ఎంత పాతదైనా తిరగొచ్చు.

బంకు వెనక కథ

కార్ల వైపు రూలు ఎటు తిరిగినా, పెట్రోలు వైపు కథ దానికోసం ఆగలేదు. కాలిఫోర్నియా చమురు విషయంలో ఒక దీవి లాంటిది. తూర్పు వైపు రిఫైనరీల నుంచి అక్కడికి పెట్రోలు తెచ్చే పైపులైను లేదు. పొగ తక్కువ వచ్చేలా కలిపే ప్రత్యేకమైన పెట్రోలే అక్కడ అమ్మాలి. దాన్ని చేసేది ఎక్కువగా అక్కడి రిఫైనరీలే, కొరత పడితే దక్షిణ కొరియా, ఇండియా లాంటి చోట్ల నుంచి వారాల తరబడి ప్రయాణం చేసి ఓడల్లో రావాలి. రాష్ట్ర ఎక్సైజ్ పన్ను ఒక్కటే 2025 జులైలో గ్యాలన్‌కి 61.2 సెంట్లకి చేరింది.

పెట్రోలు వాడకం మెల్లగా తగ్గుతుంటే సరఫరా కూడా మెల్లగా తగ్గుతుందని అనుకుంటాం. రిఫైనరీ అలా తగ్గదు. ఊరికొచ్చే పల్లెవెలుగు బస్సుకి ప్రయాణికులు నాలుగోవంతు తగ్గితే బస్సు మూడొంతులు రాదు, ఏదో ఒకరోజు సర్వీసే ఎత్తేస్తారు. మిగిలిన మూడొంతుల మంది రోడ్డు మీద నిలబడతారు. లాస్ ఏంజెలెస్‌లోని ఫిలిప్స్ 66 రిఫైనరీ 2025 చివరికి మూసేస్తామని 2024 అక్టోబరులో ప్రకటించింది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి బెనీషియాలోని వాలెరో రిఫైనరీ 2026 ఏప్రిల్‌కల్లా ఆపేస్తామంది. రెండూ కలిపి రాష్ట్ర సామర్థ్యంలో సుమారు ఆరో వంతు. ఏళ్లుగా చమురు కంపెనీలతో తగువులాడిన రాష్ట్రమే 2025 సెప్టెంబరులో, కెర్న్ కౌంటీలో ఏడాదికి 2,000 దాకా కొత్త చమురు బావులకి దారి తెరిచే చట్టం చేసుకుంది.

రూలు వ్యతిరేకులు ఈ మూతలకి 2035 నిబంధనే కారణమంటారు. సమర్థకులు పాతబడ్డ ప్లాంట్లు, తగ్గుతున్న లాభాలు కారణమంటారు. రిఫైనరీలో పెట్టే పెట్టుబడి తిరిగి రావడానికి పదీ ఇరవై ఏళ్లు పడుతుంది కాబట్టి, పదేళ్ల తర్వాత నీ సరుకు వద్దని చెప్పే చోట ఎవరూ మరమ్మతులకి కూడా డబ్బు పెట్టరు. ఆ సంగతి రూలు రాసినప్పుడే లెక్కలోకి తీసుకోవాల్సింది. కార్ల వైపు ఏటేటా ఎంత శాతమో రాసుకున్న రాష్ట్రం, ఏ రిఫైనరీ ఎప్పటిదాకా నడవాలో మాత్రం రాసుకోలేదు.

అమెరికా రోడ్ల మీద తిరిగే బండ్ల సగటు వయసు పన్నెండేళ్లు దాటింది. 2035 రూలు కోర్టులో గెలిచినా, 2034లో కొన్న పెట్రోల్ కారు 2046 దాటాక కూడా రబ్బరు తొడుగున్న ఆ పైపు ముందు ఆగుతూనే ఉంటుంది. రూలు ఓడిపోయినా, బెనీషియాలో మూసేసిన రిఫైనరీని మళ్లీ తెరవమని ఏ కోర్టూ చెప్పలేదు. ఆ కారులో పొయ్యడానికి పెట్రోలు ఏ రేవు నుంచి వస్తుందన్నది ఇప్పుడు నడుస్తున్న కేసుల్లో దేనిలోనూ లేదు.